పేదజమ్ముకు పిడికెడు మన్ను

సూరమ్మ సంచి సర్దడం మొదలుపెట్టి అప్పటికి మూడు గడియలైంది. పెట్టినదే తీసి, తీసినదే పెట్టి, చివరికి ఎండుమిరపకాయలు పైన ఉండాలా అడుగున ఉండాలా అన్న విచారంలో పడింది. గోనెసంచి అడుగున మొనలకు పాతగుడ్డ చుట్టిన రెండు కొడవళ్ళు, వాటి మీద జానెడు దబ్బనం, కొబ్బరితాడు చుట్ట. ఆ పైన అటుకుల మూట, చింతపండు ఉండ, ఉప్పు పొట్లం. అన్నిటి మీదా ఒక గొంగళి. గొంగళి పెడితే సంచి మూతి బిగియడం లేదు. తీసేద్దామంటే ఆమె మనసు ఒప్పుకోవడం లేదు.

ఆమె భర్త దాలయ్య సస్యవతీపురంలో ఇళ్ళకు గడ్డికప్పు వేసేవాడు. ఊళ్ళో సగం చూరులు అతని చేతి కింద పుట్టినవే. యాభై ఏళ్ళవాడు, వాసంలా సన్నగా ఉంటాడు. దారిన పోతూ ఎవరి ఇంటికప్పు చూసినా తల అడ్డంగా ఊపడం అతని అలవాటు. ఇప్పుడు గుమ్మంలో కూర్చుని భార్య సర్దుడు చూసి కూడా అలాగే ఊపి, ఇంత ఎండల్లో గొంగళి ఎందుకని అడిగాడు. సూరమ్మ తలెత్తలేదు.

"ఎండల్లో గొంగళేటని నవ్వుతావు మావా. మృగశిర కార్తొచ్చి వాన మీద పడితే నీకెవులు కప్పుతారు?"

"మృగశిర కంటే ముందే వచ్చెయ్యాలి కదేటే. నా ఒళ్ళు తడిస్తే ఆరతాది. ఆ రాజుగారి పాప తడిస్తే ఆరదు, కరిగిపోద్ది."

అది నిజమే. ఆ పిల్ల తల మీద కప్పు కోసమే ఈ ప్రయాణం.

వాళ్ళది పూర్ణసస్య రాజ్యం. అక్కడి నేల ఎంత సారవంతమైనదంటే, పందిరి గుంజ పాతితే పెళ్ళి అయ్యేలోగా చిగురించేది. ముసలివాళ్ళు చేతికర్ర నేలకు ఆనించి ఎక్కువసేపు కబుర్లు చెప్పకూడదనీ, చెబితే కర్ర వేళ్ళూనుతుందనీ అనేవారు. ఆ రాజ్యాన్ని ఏలే కీర్తివర్మ మహారాజు కొలువుకు కిందటి శరత్కాలంలో భస్మాక్షుడనే మాంత్రికుడు వచ్చాడు. నిప్పుకణికల వంటి కళ్ళు, పొగలు కక్కే జడలు, ఏడు కపాలాల దండ, చూసినవాళ్ళ గుండె జారిపోయే ఆకారం. ఆ ఆకారం సింహద్వారం దాటుతుండగా పైనుంచి ఒక పెంకు జారి సరిగ్గా జడలముడి మీద పడింది. కొలువంతా పెదవులు కరుచుకుని నవ్వు ఆపుకుంది. రాజకుమారి ఇందీవర ఆపుకోలేకపోయింది.

భస్మాక్షుడు జడల్లోంచి పెంకుముక్కలు ఏరుకుంటూనే శపించాడు. నేల సారం తాగి పుట్టిన ఏ కప్పూ ఆ పిల్ల తల మీద నిలవదు. రాబోయే మృగశిర కార్తెలో తొలివాన చినుకు తగలగానే ఆమె మట్టిబొమ్మలా కరిగి నేలలో కలిసిపోతుంది.

ఆ క్షణం నుంచి ఇందీవర ఏ పెంకుటింట అడుగుపెట్టినా పెంకులు పిండి అయ్యాయి. తాటాకు పందిరి బూడిదై రాలింది. టేకు దూలాలు పుచ్చి కూలాయి. రాతి మండపం కూడా నేల కడుపున పుట్టినదే గనక నిట్టనిలువునా చీలింది. నాటినుంచి ఆమె అంతఃపురం ముంగిట్లో ఆకాశం కింద మంచం వేసుకుని ఉంటోంది. ఎండకు కందిన ముఖాన్ని అద్దంలో చూసుకుని, పెంకు సంగతి గుర్తొచ్చి, ఇప్పటికీ అప్పుడప్పుడు నవ్వుతోంది. తల్లి ఆ నవ్వు చూడలేక లోపలికి వెళ్ళిపోతోంది.

ఆస్థాన పండితులు ఆరు నెలలు తాటాకు గ్రంథాలు తిరగేసి తేల్చలేని సంగతిని దాలయ్య నిచ్చెన మీంచి ఒక్క మాటలో తేల్చేశాడు. ముందే ఎందుకు చెప్పలేదని మహారాజు గద్దించాడు. ఎవరూ అడగలేదని దాలయ్య మనవి చేసుకున్నాడు. వంటశాల చూరు కట్టడానికి పిలిచారు గనక ఆ రోజు రాజభవనానికి వచ్చాడు, దాసీల మాటలు చెవిన పడ్డాయి గనక చెప్పాడు. దక్షిణాన ఏడు వాగుల అవతల నిస్సారగిరి అనే తెల్లటి ఇసుక కొండ ఉందనీ, దాని మీద పేదజమ్ము పెరుగుతుందనీ కప్పులు వేసేవాళ్ళ ఇళ్ళల్లో తాతల నాటి మాట. ఆ జమ్ము నేలను ఏమీ అడగదు. ఒట్టి ఇసుకలో నిలబడి మంచు తాగి బతుకుతుంది. దాని కప్పు నలభై ఏళ్ళు చినుకు దిగనివ్వదు. నేల సారం తాగని కప్పు లోకంలో అదొక్కటే.

మృగశిరకు ఇరవై రోజులుంది. వెళ్ళడానికి ఎనిమిది, రావడానికి ఎనిమిది. కోసి ఆరబెట్టడానికి నాలుగు.

రాజకుమారుడు మణికేతుడు చెల్లెలి కోసం తానూ వస్తానని పట్టుబట్టాడు. మాంత్రికుడి గద్దలు రాజవంశం వాళ్ళ కోసం దారులన్నీ కాస్తున్నాయి కాబట్టి దాలయ్య శిష్యుడి వేషంలో రావాలని ఏర్పాటు. ఆ ఉదయం అతను వేషంతోనే దాలయ్య గుమ్మం ముందు గుర్రం దిగాడు. ఒంటి మీద చిరుగుల పంచె ఉంది. ఆ చిరుగులు దర్జీ చేత కొలిచి చింపించి, అంచులు మళ్ళీ పట్టుదారంతో కుట్టించినవి. జవ్వాది వాసన వీధి చివరిదాకా వస్తోంది. సూరమ్మ ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి, దాలయ్య పాత పంచె తెచ్చి చేతికిచ్చింది. దాలయ్య అతనికి సన్నాసి అని పేరు పెట్టాడు.

మణికేతుడి చేతిలో మహారాణి పంపిన చిన్న మూట ఒకటి ఉంది. పూర్ణసస్యంలో ఒక ఆచారం. మొక్క నుంచి కాడ కోసినవాడు దాని మొదట్లో పిడికెడు ఎరువుమన్ను పెట్టి మరీ కదలాలి. పెట్టనివాడు దొంగ. పసిపిల్లలు కూడా పువ్వు తెంపితే మన్ను వేసి దండం పెడతారు. అందుకని చెరువు మట్టి, పెంట, ఎముకల పొడి, ఎండుచేపల పొట్టు కలిపి మాగబెట్టిన రాజోద్యానం మన్నును మహారాణి తన చేతులతో పట్టుగుడ్డలో కట్టి ఇచ్చింది. సూరమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, అటుకుల మూట పక్కన పెట్టడానికి వీల్లేదని చెప్పి, రాజకుమారుడికే తిరిగి ఇచ్చేసింది.

ఊరి పొలిమేర దాకా ఆమె వెంట వచ్చింది. దాలయ్య సంచి భుజానికెత్తి, ఎలతానని అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎలతానంటారేటి ఎవులైనా? ఎల్లొస్తానను."

"ఎల్లొస్తానే."

"ఇంకోపాలి అను."

అతను నవ్వుతూ ఇంకోసారి అన్నాడు.

మొదటి మూడు వాగులూ నాలుగు రోజుల్లో దాటారు. ఆకాశం కాల్చిన రాగిపళ్ళెంలా మెరుస్తోంది. మోదుగులు మోడులై నిలబడ్డాయి. గాలి లేస్తే ఎర్రదుమ్ము గుర్రం మెడదాకా కెరటంలా లేచి పడుతోంది. రెండో వాగు ఒడ్డున భస్మాక్షుడి గద్ద ఒకటి దిగి, మణికేతుడి భుజం మీద వాలి, ముక్కు చెవి దగ్గర పెట్టి వాసన చూసింది. వెంటనే దాలయ్య శిష్యుడి మీద విరుచుకుపడ్డాడు. కొడవలి తడిపావనీ, తాడు చిక్కు పెట్టావనీ, తిండికి ముందూ పనికి వెనకా అనీ, నిన్ను కన్నవాళ్ళు ఏ పాపం చేసుకున్నారోననీ ఏకధాటిగా తిట్టాడు. మణికేతుడు కోపంతో కందగడ్డయ్యాడు గాని, తలవంచుకుని విన్నాడు. రాజు కొడుకెవడూ ఇన్ని తిట్లు పడడని గద్దకు తోచింది కాబోలు, ఎగిరిపోయింది. అది కనుమరుగయ్యాక కూడా దాలయ్య ఇంకొంచెంసేపు తిట్టాడు. మళ్ళీ అవకాశం దొరకదేమోనని.

నాలుగో వాగు దగ్గర కుంభోదరి అనే రాక్షసి ఎదురైంది. బాటసారులకు బస ఇచ్చి, బలిసినవాళ్ళను మింగి, బక్కవాళ్ళను బలిసేదాకా అట్టిపెట్టడం ఆమె వృత్తి. బానంత నోరు, గాదెలంత చేతులు. మణికేతుడు పంచెలో దాచిన కత్తి దూశాడు. రాక్షసి ఆ కత్తిని రెండు వేళ్ళతో అందుకుని పళ్ళు కుట్టుకుని, మొన కొంచెం మొద్దుబారిందని తిరిగి ఇచ్చేసింది. దాలయ్య మాత్రం ఆమె వంక చూడనే లేదు. ఇంటికప్పు వంక చూసి తల అడ్డంగా ఊపాడు. కుంభోదరి ఎందుకలా ఊపావని అడిగింది. ఈ కప్పు వేసినవాడెవడని దాలయ్య అడిగాడు. వాణ్ని తినేశానని ఆమె చెప్పింది. మంచిపని చేశావని అతను మెచ్చుకున్నాడు.

అక్కడినుంచి మాట కలిసింది. నూరేళ్ళుగా వానాకాలమంతా ఆ ఇంట్లో మోకాలిలోతు నీళ్ళని తెలిసింది. కప్పు సరిచేస్తే విడిచిపెడతానని రాక్షసి ఒట్టు పెట్టుకుంది. ఒక పగలంతా గురుశిష్యులిద్దరూ కప్పు మీదనే ఉన్నారు. చూరుముడి వేయడం మణికేతుడికి దాలయ్య అక్కడే మొదలుపెట్టి నేర్పాడు. ఎడమబొటనవేలి కింద తాడు నొక్కి, వాసం చుట్టూ రెండు తిప్పి, మూడో చుట్టు కిందుగా లాగాలి. మణికేతుడు వేసిన ముడులు వేసినట్టే ఊడిపోయాయి. సాయంత్రానికి కుంభోదరి కింద నిలబడి తల అడ్డంగా ఊపుతూ, ఈ సన్నాసిని తినెయ్యమంటావా, నీకు పని తప్పుతుందని దాలయ్యను అడిగింది. చిట్టచివరి ముడి నిలిచింది గనక బతికిపోయాడు.

ఎనిమిదో నాటి ఉదయానికి ఏడో వాగు దాటి తలెత్తారు.

ఎదురుగా నిస్సారగిరి. పాలమీగడ గట్టుకట్టినట్టు తెల్లటి ఇసుక. ఆ తెలుపు మీద కొండ పాదం నుంచి శిఖరం దాకా పేదజమ్ము. ఆకన్నది లేదు, అంతా కాడలే. నిలువెత్తు పచ్చటి కాడలు, కణుపు కణుపుకూ ఉంగరం తొడిగినట్టు గోధుమరంగు పొర. గాలి వీస్తే కొండంతా ఒక్కసారి పక్కకు ఒరిగి, మళ్ళీ ఒక్కసారి నిలబడుతోంది. కొన్ని దుబ్బులు తలలు వంచి, సన్నటి బంగారుకుచ్చులు వేలాడదీసుకున్నాయి. కొన్ని నిటారుగా నిలిచి, పడవల్లాంటి ముదురు తొడుగుల్లో గింజలు దాచుకున్నాయి. ఇవి రెండు జాతులా అని మణికేతుడు అడిగాడు.

"ఒకటే, బాబూ," అంది ఎదురొచ్చిన ఆడమనిషి. "కుచ్చులేసుకుని తలొంచుకున్నది మగజమ్ము. తలెత్తుకు నిలబడ్డది ఆడది. ఈ కొండ మీద కాపరాలన్నీ అంతే."

ఆమె కొండపెద్ద సాదెమ్మ. అరవై ఏళ్ళు ఉంటాయి, జమ్ముకాడ లాగే నిటారుగా ఉంది. దాలయ్య వాళ్ళకు దాహమైనా ఇవ్వకముందే ఒక పెద్ద బండ మీద నిలబెట్టి దులపమంది. దాన్ని దులుపుడుబండ అంటారు. పైవాళ్ళ మట్టి గోరంత కూడా కొండ మీదికి రాకూడదు. వాళ్ళిద్దరి పంచెలు విదిలించారు, సంచి బోర్లించారు, కాలిగోళ్ళలో మట్టి పుల్లతో తీశారు. గుర్రాన్ని చూసి నలుగురు పెద్దలు భయపడి దూరం జరిగారు. అది లద్దె వేస్తే ఏం గతి అని వాళ్ళ బెంగ. గుర్రాన్ని వాగు అవతలే కట్టించారు. మనుషులకైనా అదే నియమమనీ, అవసరమైతే వాగు దాటి అరక్రోసు నడిచి వెళ్ళాలనీ సాదెమ్మ చెప్పింది. నాలుగు రోజుల్లో మణికేతుడు ఆ అరక్రోసు ఎన్నిసార్లు నడిచాడో చెప్పడం మర్యాద కాదు. జొన్నగంజి అతనికి పడలేదు.

"మీ నేల సారం పెరగకుండా ఉండుగాక" అన్నది అక్కడి దీవెన. వినగానే మణికేతుడు కత్తి మీద చెయ్యి వేశాడు. దాలయ్య మోచేత్తో పొడిచి, వంగి దండం పెట్టించాడు.

రాజకుమారి కథ విని సాదెమ్మ పెంకు పడిన చోట పగలబడి నవ్వింది. తరువాత కళ్ళు తుడుచుకుని, తూర్పువాలులో పన్నెండు మోపులు కోసుకోమంది. కాడ పైన కొయ్యాలి, వేరు కదలకూడదు. మూడు రోజులు కోశారు, కొడవలితో పాటు నడుములూ అరిగాయి. నేర్చుకునేవాడికి సాదెమ్మ మనుమరాళ్ళు ఎదురుగా కూర్చుని నవ్వేవారు, అందుచేత మణికేతుడు తొందరగానే నేర్చుకున్నాడు. మూడో నాటికి అతను వేసిన చూరుముడిని దాలయ్య రెండు చేతులా పట్టి వేలాడినా ఊడలేదు. ఈసారి దాలయ్య తల నిలువుగా ఊపాడు. అంతకు మించిన బిరుదు ఆ రాజ్యంలో ఇంకొకరికి దక్కలేదు.

నాలుగో నాడు తెల్లవారుతూనే మణికేతుడు ఒక్కడూ తూర్పువాలుకు వెళ్ళాడు. అన్నీ దులిపిన సాదెమ్మ అతని తలపాగా దులపడం మరిచింది. తల్లి ఇచ్చిన మూట అందులో ఉంది. మూడు రోజులుగా కోస్తున్నాడు, ఒక్క దుబ్బుకూ పిడికెడు మన్ను పెట్టలేదు. దొంగలా నిద్రపట్టడం లేదు. ఈ కొండవాళ్ళు బీదవాళ్ళు గనక మన్ను విలువ తెలియక వద్దంటున్నారని అతను అనుకున్నాడు. తలపాగా విప్పి, మూట తీసి, కోసిన దుబ్బుల్లో అన్నిటికంటే పెద్దదాని మొదట్లో మన్నంతా పోసి, దండం పెట్టి, తేలికపడిన మనసుతో తిరిగి వచ్చాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆ దుబ్బు నల్లబడింది.

సాదెమ్మ పరుగెత్తి వచ్చి మోకాళ్ళ మీద కూలబడి ఇసుక తవ్వింది. దూదిచాపలా అల్లుకున్న సన్నటి వేళ్ళు చీమునెత్తురులా కారుతున్నాయి. పక్క దుబ్బుకు పాకింది, అక్కడి నుంచి దాని పక్కదానికి. ఆ కొండ మీద జమ్మంతా ఇసుక అడుగున ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకునే ఉంటుంది. మణికేతుడు తానే పెట్టానని దాచకుండా చెప్పేశాడు. విని ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"తరతరాలుగా ఆకలితో బతికిందిది. ఏదొస్తే అది తాగడమే తెలుసు, చాలని ఆపడం తెల్దు. పస్తున్నోడికి ఒక్కపాలి విందెడితే ఏటవుద్ది బాబూ?"

వైద్యం ఒకటే ఉంది. వాలంతా కాల్చెయ్యాలి. జమ్ముగింజకు ముత్యమంత తెల్లటి పలుకు అంటుకుని ఉంటుంది. చీమలు ఆ పలుకు కోసం గింజను పుట్టలోకి ఈడ్చుకుపోయి, పలుకు తిని గింజను వదిలేస్తాయి. పొగ వాసన తగిలేదాకా ఆ గింజ నిద్రలేవదు. కాల్చాక మొలకలొస్తాయి. కాని చెడిన ఇసుకను రోజుకో తట్ట ఎత్తి వాగవతల పొయ్యాలి. మన్నును వెతుక్కుంటూ వచ్చే కలుపును పీకాలి. పన్నెండేళ్ళ వానలు చూడాలి. ఆ కాపలా మన్ను తెచ్చినవాళ్ళదే. వాళ్ళలో ఒకరు ఉండిపోవాలి. ఇది సాదెమ్మ పెట్టిన నియమం కాదు, ఆ కొండ పుట్టినప్పటిది.

ఆమె మాట పూర్తికాకముందే ఆకాశం అంటుకుంది. పొద్దున మణికేతుడు తలపాగా విప్పినప్పుడు అతని జుట్టుముడిలోని రాజచిహ్నం, ఒక కెంపు, సూర్యుడికి మెరిసింది. గద్దకు అంతే చాలింది. నిప్పుల సుడిగాలిలా భస్మాక్షుడు తూర్పు వాలు మీదికి దిగాడు. జడలు పెటపెటలాడుతుంటే, ఈ జమ్మును వేరుతో సహా మసి చేస్తానని గర్జించి రెండు అరచేతుల్లోంచీ మంట కురిపించాడు.

కొండవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కాల్చే శ్రమ తప్పింది. సాదెమ్మ మనుమరాలొకతె, ఎడమవైపు కొంచెం వదిలేశారని మాంత్రికుడికి గుర్తుచేయబోతే సాదెమ్మ దాని నోరు మూసింది. అయితే ఆరబెట్టిన పన్నెండు మోపులూ ఆ వాలు అంచునే ఉన్నాయి. దాలయ్య, మణికేతుడు పొగలోకి దూకారు. మోపు మీద మోపు భుజాన వేసుకుని, కాళ్ళ కింద ఇసుక గాజులా కరుగుతుంటే, ఊపిరి బిగబట్టి పరుగెత్తారు. ఆరు తడవలు లోపలికి వెళ్ళారు. ఆరో తడవ మణికేతుడి కనుబొమలు రెండూ కాలిపోయాయి. దాలయ్య అతని ముఖం చూసి, ఇప్పుడు వేషం కుదిరిందన్నాడు. పన్నెండు మోపులూ ఏడో వాగు ఒడ్డుకు చేరాయి. కొండ బూడిదయిందని తృప్తిపడి భస్మాక్షుడు పొగలోనే ఎటో మాయమయ్యాడు.

తెప్ప కట్టి మొదటి మోపు నీటి మీద పెట్టారు. జమ్ము బెండులా తేలవలసింది రాయిలా మునిగింది. ఇద్దరూ దిగి పైకి లాగారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ మునిగింది. కాపలా మనిషి లేకుండా జమ్ము కొండ దాటదని సాదెమ్మ ఒడ్డునుంచి మెల్లగా అంది. ఉత్తరాన, పూర్ణసస్యం వైపు, ఆకాశం అంచున అరచెయ్యంత మబ్బు కనిపిస్తోంది. ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

తప్పు నాది, నేనుంటానని మణికేతుడు నీళ్ళలోంచి లేచాడు. దాలయ్య అతని భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టాడు. తన సంచి భుజానికి తగిలించుకుని గట్టెక్కి, రెండు కొడవళ్ళలో ఒకటి తీసి ఇసుకలో గుచ్చాడు. వాగు అడుగునున్న మోపు బుడుంగున పైకి లేచి తెప్ప పక్కన తేలింది.

"నువ్వుండిపోతే మీ నాన్నగారు ఏనుగుల్నేసుకొని నీకోసం వచ్చేస్తారు. ఏనుగులు ఎంతెంత ఎరువేస్తాయో నీకు తెల్దా, సన్నాసీ? నాకోసం ఎవులూ సైన్యం తేరు. నానే ఉండాలి."

కప్పు ఎవరు వేస్తారని మణికేతుడు అడిగాడు.

"నువ్వే. మగజమ్ము తాడుకి, ఆడజమ్ము మీదికి. ముడేశాక ఇంకోపాలి లాగి సూడు." దాలయ్య సంచి భుజం మార్చుకున్నాడు. "సూరమ్మకి పన్నెండని సెప్పకు. కొంచెం ఆలీసమవుద్దని సెప్పు."

మణికేతుడు గట్టెక్కి అతని కాళ్ళకు దండం పెట్టాడు. రాజకుమారుడు కప్పులు వేసేవాడికి దండం పెట్టడం చూసి సాదెమ్మ అటు తిరిగి నిలబడింది. ఆ వెంటనే దాలయ్య తెప్పను కాలితో లోపలికి తోసి, ఇలాగే కూర్చుంటే మృగశిర నీ కోసం ఆగదని కసిరాడు.

వాగు ఉరవడిగా ఉంది. పన్నెండు మోపుల పచ్చటి తెప్ప అలల మీద హంసలా సాగింది. వెనక నిస్సారగిరి మీద పొగ పలచబడుతోంది. ముందు మబ్బు అరచెయ్యి నుంచి చాటంత అయింది. అవతలి ఒడ్డున గుర్రం కనిపించలేదు. అది ఉండవలసిన చోట ఒక పడవవాడు తెడ్డు ఆనించుకుని కూర్చున్నాడు. తలగుడ్డ కింది నుంచి సన్నగా పొగ వస్తోంది. తెప్ప దగ్గరికి రాగానే అతను లేచి, మోపులు దింపడానికి సాయం పట్టనా బాబూ అని మర్యాదగా అడిగాడు. మణికేతుడు ఎడమచేత్తో తాడు వదిలి, కుడిచేత్తో కత్తి దూశాడు.

శుక్ల నామ సంవత్సరం జ్యేష్ఠ శుద్ధ దశమి నాడు దాలయ్య నిస్సారగిరి మీద ఉండిపోయాడు. ఎనిమిదో నాడు తొలివాన పడేసరికి ఇందీవర తల మీద మణికేతుడు వేసిన కప్పు ఉంది. పన్నెండో వాన విక్రమ నామ సంవత్సరం ఆశ్వయుజంలో వెలిసింది. అతను ఆ ఏడు తిరిగి రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. ఎన్నడూ రాలేదు.